గ్లాస్గోలో దొరికిన గొంతు: అలెక్స్ హార్వీ బృందం ‘నెక్స్ట్’

1970ల నాటి బ్రిటిష్ రాక్ సంగీతం గురించి ఎవరు మాట్లాడినా ఓ పది పేర్లే తిరుగుతుంటాయి. బోవీ, క్వీన్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్, జెనెసిస్. రాక్ సంగీతానికి వేషం కట్టి, రంగు పూసి, నాటకంలా ఆడినవాళ్లెవరని అడిగినా మళ్లీ వాటిలోంచే రెండు మూడు చెబుతారు. నాకు అందరికంటే ఇష్టమైన బృందం ఆ మాటల్లోకి రాదు. దాని పేరు ‘ది సెన్సేషనల్ అలెక్స్ హార్వీ బ్యాండ్’. వాళ్లది స్కాట్లండ్‌లోని గ్లాస్గో. 1973లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ ‘నెక్స్ట్’ను ఈ చలికాలమంతా మళ్లీ మళ్లీ విన్నాను. ఇరవైల్లో విన్నప్పుడు ఒళ్లు జలదరించిన పాటలే అరవై దాటాక కళ్లు చెమర్చేలా చేస్తున్నాయి. అందుకే రాయాలనిపించింది.

1980ల మధ్యలో వైద్యంలో పైచదువు కోసం గ్లాస్గో వెళ్లాను. మా ఆసుపత్రిలో మధ్య వయసు పోర్టరు ఒకాయన ఉండేవాడు. రోగులను స్ట్రెచర్ల మీద అటూ ఇటూ చేర్చడం ఆయన పని. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ ఉండేవాడు. ఆయన మాట్లాడే గ్లాస్గో ఇంగ్లిష్ మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. ఓ రాత్రి డ్యూటీలో టీ తాగుతూ, మా వైపు రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగే పద్యనాటకాల గురించి చెప్పాను. కృష్ణుడి వేషగాడు ఒక పద్యం రాగం తీసి అందుకుంటే జనం ‘వన్స్ మోర్’ అని కేకలు వేయడం, నటుడు నాటకం ఆపి ఆ పద్యాన్ని మళ్లీ పాడటం, పక్కన హార్మోనియం ఆయన మరో శ్రుతి పెంచడం అన్నీ వర్ణించాను. ఆయన చాలా శ్రద్ధగా విని, అయితే నువ్వు అలెక్స్ హార్వీని వినాలి అన్నాడు.

ఆ తర్వాత చాలాసేపు అపోలో గురించి చెప్పాడు. రెన్‌ఫీల్డ్ వీధిలోని ఆ హాలు పేరు చెబితే అప్పట్లో గ్లాస్గో వాళ్ల ముఖాలు వెలిగేవి. వేదిక మనిషి ఎత్తుకు రెండింతలు దాటి ఉండేదట. జనం గంతులు వేస్తుంటే బాల్కనీ ఊగేదట. 1975 క్రిస్మస్ రోజుల్లో అక్కడ అలెక్స్ బృందం ఇచ్చిన ప్రదర్శనలను ఆయన చూశాడు. వేదిక మీద ఒక పేద వీధి, థర్మోకోల్‌తో చేసిన ఇటుక గోడ. అలెక్స్ రంగు డబ్బా పట్టుకుని ఆ గోడ మీద ‘వాంబో’ అని పెద్ద అక్షరాలతో రాసేవాడు. కాసేపటికి అదే గోడను బద్దలు కొట్టుకుని జనం ముందుకు దూకేవాడు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆ పోర్టరు చేతులు గాల్లో గోడ కడుతూనే ఉన్నాయి. అపోలోను నేను బయటి నుంచి మాత్రమే చూశాను. 1985లో దాన్ని మూసేశారు, 1987లో కూల్చేశారు.

గ్లాస్గో తూర్పు భాగంలో ‘బారస్’ అని శని, ఆదివారాల్లో జరిగే పెద్ద సంత ఉంది. పాత కోట్లు, పింగాణీ సామాను, గడియారాలు, పనిముట్లు, అన్నీ అక్కడే. రికార్డులు అమ్మే ఒక బల్ల దగ్గర అట్టపెట్టెల్లో వెతుకుతుంటే ‘నెక్స్ట్’ దొరికింది. కవరు మూలలు నలిగి ఉన్నా రికార్డు మాత్రం శుభ్రంగా ఉంది. అమ్మేవాడు దాన్ని నా చేతికిస్తూ, అలెక్స్ మా వాడు అన్నాడు. ఆ ఊళ్లో చాలామంది నోట ఆ మాటే విన్నాను. పాటగాడిని సొంత మనిషిలా చెప్పుకునే ఊరు నాకు వెంటనే నచ్చింది.

అలెక్స్ హార్వీ 1935 ఫిబ్రవరి 5న గ్లాస్గోలోని కిన్నింగ్ పార్క్‌లో పుట్టాడు. అది క్లైడ్ నదికి దక్షిణాన ఉన్న కార్మికుల పేట. తరవాతి కాలంలో మోటారు రహదారి కోసం అక్కడి ఇళ్లు చాలావరకు తీసేశారు. ఊరి కింద గుండ్రంగా తిరిగే భూగర్భ రైలుకు ఆ పేరుతో స్టేషన్ ఇప్పటికీ ఉంది. రికార్డు కొన్న కొత్తలో ఊరికే అక్కడ దిగి ఆ వీధుల్లో తిరిగి వచ్చాను. 1957లో స్కాట్లండ్‌కు తనదైన టామీ స్టీల్ కావాలని ఒక పత్రిక పోటీ పెడితే గెలిచింది అలెక్సే. టామీ స్టీల్ అంటే అప్పుడు ఇంగ్లండ్ కుర్రకారును ఊపేస్తున్న రాకెన్‌రోల్ గాయకుడు. ఆ గెలుపు అలెక్స్‌ను ఎక్కడికీ చేర్చలేదు. సోల్ పాటల బృందం పెట్టి ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగాడు. బీటిల్స్ రాటుదేలిన హాంబర్గ్ క్లబ్బుల్లో తనూ పాడాడు. 1960ల చివర్లో లండన్‌లో ‘హెయిర్’ అనే సంగీత నాటకం నడుస్తుంటే అందులోని వాద్య బృందంలో చేరి రోజూ గిటారు వాయించాడు. నాటకాన్ని లోపలి నుంచి, ప్రతి రాత్రీ చూస్తూ నేర్చుకున్న కాలం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత 1972 వచ్చింది. అలెక్స్ తమ్ముడు లెస్ హార్వీ ‘స్టోన్ ద క్రోస్’ బృందంలో గిటారిస్టు. ఆ ఏడాది మే 3న స్వాన్సీలో ప్రదర్శన మొదలవుతుండగా మైకును తాకి విద్యుదాఘాతంతో వేదిక మీదే కూలిపోయాడు. మైకుకు ఎర్తింగ్ సరిగా లేదు. లెస్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. తమ్ముణ్ని అలా పోగొట్టుకున్న కొద్ది నెలలకే అలెక్స్ ‘టియర్ గ్యాస్’ అనే గ్లాస్గో కుర్రాళ్ల బృందంతో కలిశాడు. గిటారుకు జాల్ క్లెమిన్సన్, బేస్‌కు క్రిస్ గ్లెన్, కీబోర్డుకు హ్యూ మెకెన్నా, డ్రమ్స్‌కు అతని దాయాది టెడ్ మెకెన్నా. నలుగురూ ఇరవైల్లో ఉన్నారు, రెండు రికార్డులు చేసినా పేరు రాలేదు. అలెక్స్‌కు ముప్పై ఏడు. రాక్ సంగీతంలో ఆ వయసుకు చాలామంది ముగించుకుంటారు. అతను అప్పుడే మొదలుపెట్టాడు.

ఈ రికార్డు గురించి నేను చెప్పదలిచినదంతా ఆ వయసు చుట్టూనే తిరుగుతుంది.

‘నెక్స్ట్’లో ఉన్నవి ఏడు పాటలే. ‘స్వాంప్‌స్నేక్’తో మొదలవుతుంది, బ్లూస్ బరువున్న గిటారు. రెండో పాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. దాని పేరు దగ్గర నుంచి అంతా మొరటుతనమే, నేను ముల్లు ఎత్తి ముందుకు జరుపుతాను. మూడో పాట ‘ద ఫెయిత్ హీలర్’. ఏడు నిమిషాలు దాటే ఈ పాటను నాలాంటి వైద్య విద్యార్థి ఎలా వింటాడో ఊహించండి.

మొదట ఒకే ఒక్క చప్పుడు. విద్యుత్తుతో పుట్టించినది, ఒకే తీరున, ఒకే వేగంతో కొట్టుకుంటూ ఉంటుంది. రాగం లేదు, మాట లేదు. పాట ఎప్పుడు మొదలవుతుందా అని మీరు ఎదురు చూస్తుంటారు. ఎదురు చూడటమే పాటలో భాగమని కాసేపటికి తెలుస్తుంది. దాని మీదకు తాళవాద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. తర్వాత జాల్ గిటారు, కోతలా. ఇక్కడికి వచ్చాకనే అలెక్స్ గొంతు వినిపిస్తుంది, అదీ అరుపు కాదు, దగ్గరికి రమ్మని పిలిచే గొంతు. చేతులు వేసి రోగం మాన్పుతానంటున్న మనిషి అతను. నిజంగా మాన్పుతాడా, మోసం చేస్తాడా అన్నది పాట చివరిదాకా తేల్చదు. మా ఊళ్లో విభూతి పెట్టి, వేపమండలు ఆడించి, జ్వరాలు దించుతామనేవాళ్లను నేను చూశాను. వాళ్ల ముందు కూర్చున్న తల్లుల ముఖాలూ చూశాను. చదువుకున్న డాక్టరుగా నేను వాళ్లను నమ్మను. కానీ ఆ గొంతుల్లోని ధీమా, ఆ పిలుపుకు ఒళ్లు వశం కావడం నాకు తెలుసు. ఎక్కడో స్కాట్లండ్ మనిషి ఆ ధీమాను అంత కచ్చితంగా పట్టుకున్నాడంటే, వేషంలోకి పూర్తిగా దిగిపోయాడన్నమాట. ప్రదర్శనల్లోనూ ఈ పాటకే మొదటి పీట వేసేవారు. 1975లో వచ్చిన వాళ్ల ‘లైవ్’ రికార్డులో చిన్న బాకా సంగీతం అయిపోగానే ఈ చప్పుడు మొదలవుతుంది, జనం హోరెత్తిపోతారు.

నాలుగోది 1956 నాటి పాత రాకెన్‌రోల్ పాట ‘గిడియప్ ఎ డింగ్ డాంగ్’. హుషారుగా వస్తుంది, హుషారుగా పోతుంది. అలెక్స్ తన కుర్రతనాన్ని ఒకసారి పలకరించి వచ్చినట్టు ఉంటుంది.

ఇక ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘నెక్స్ట్’. బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ 1964లో ఫ్రెంచిలో పాడిన పాట ఇది. 1968లో స్కాట్ వాకర్ కూడా దీన్ని ఇంగ్లిష్‌లో పాడాడు. పసితనం పోని ఒక సైనికుడు నడుముకు తువ్వాలు చుట్టుకుని, సైన్యం వెంట నడిచే వేశ్యావాటిక ముందు బారులో నిలబడి ఉంటాడు. అధికారి ‘నెక్స్ట్’ అని పిలుస్తుంటాడు. వంతు వస్తుంది, అయిపోతుంది. ఆ పిలుపు మాత్రం అతన్ని జీవితాంతం వదలదు. అలెక్స్ బృందం దీన్ని టాంగో నాట్యపు నడకలో పెట్టింది. వయొలిన్లు నాట్యానికి రమ్మంటున్నంత సొగసుగా సాగుతుంటే, ఆ సొగసు మీద ఈ అవమానం కథ నడుస్తుంది. మొదటి చరణాలను అలెక్స్ దాదాపు మాట్లాడతాడు. కథ ముందుకు వెళ్లేకొద్దీ గొంతు బిగుసుకుంటుంది. చివరికి వచ్చేసరికి గాయకుడు కనిపించడు, ఆ సైనికుడే మిగులుతాడు. ఏళ్లు గడిచిన, ముసలివాడవుతున్న సైనికుడు.

బీబీసీ టెలివిజన్‌లో ‘ది ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్’ అనే కార్యక్రమం వచ్చేది. అందులో ఈ పాట పాడిన దృశ్యం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. వయొలిన్ల వాళ్లు ముఖాలకు ముసుగులు తొడుక్కుని ఉంటారు. జాల్ ముఖానికి తెల్లటి విదూషకుడి రంగు. ఆ రంగు కింద అతని కనుబొమలు, పెదవులు పాటలోని ప్రతి మాటకూ స్పందిస్తుంటాయి. మధ్యలో అలెక్స్ చారల చొక్కా వేసుకుని నిలబడతాడు. దుమ్ము పట్టిన జుట్టు, లోతుకు పోయిన కళ్లు. అతనికి ముఖం మీద రంగు లేదు, అక్కర్లేదు. ఈ పాటను ఇరవై ఏళ్ల అందగాడు పాడితే మనం కథ వింటాం. అలెక్స్ పాడితే సాక్ష్యం వింటాం.

ఆ రోజుల్లో ఇది పెట్టుకుని వింటుంటే, అదే ఊళ్లో పనిచేస్తున్న మా తెలుగు సీనియర్ డాక్టరు ఒకాయన మా గదికి వచ్చారు. ఆయన ఘంటసాల, బాలమురళి తప్ప మరొకరిని విననివారు. కాసేపు ఓపిక పట్టి, “ఏమయ్యా, ఈ గోలలో నీకేం కనబడిందయ్యా?” అన్నారు.

“నాటకం కనబడింది సార్” అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, “అయితే మొదటి నుంచి పెట్టు” అన్నారు. పాట అయ్యాక, “ఆ చివర్లో మాత్రం నిజంగానే ఏడ్చాడయ్యా” అన్నారు. సంగీతం మీద ఆయన నాతో ఏకీభవించిన సందర్భాలు తక్కువ. ఇది అందులో ఒకటి, నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఆరోది ‘వాంబో మార్బుల్ ఐ’. అపోలో గోడ మీద అలెక్స్ రాసిన పేరు ఈ వాంబోదే. పేద వీధి పిల్లలను కాపాడటానికి వచ్చే, బొమ్మల పుస్తకంలోంచి దిగినట్టున్న వీరుడు. అలెక్స్ వేదిక మీద నుంచి ఎదురుగా ఉన్న కుర్రాళ్లతో తూటాలు చేయవద్దని, కొనవద్దని, పేల్చవద్దని చెప్పేవాడు. 1970ల గ్లాస్గోలో కత్తులు పట్టి తిరిగే ముఠాలు ఉండేవి. ఆ ముఠాల్లోని పిల్లలే అతని ప్రదర్శనలకు వచ్చేవారని మా పోర్టరు చెప్పేవాడు. వాళ్లకు పెద్దమనిషిలా నీతులు చెబితే వినరు. వాళ్ల వీధినే వేదిక మీదకు తెచ్చి, వాళ్ల గోడ మీదే వాళ్ల రాతలే రాసి, అప్పుడు చెప్పాడు. అక్కడ హంగు కోసం పెట్టిన వస్తువంటూ ఏదీ లేదు.

చివరి పాట ‘ద లాస్ట్ ఆఫ్ ద టీనేజ్ ఐడల్స్’. ఇరవైల్లో నేను అంతగా పట్టించుకోని ఈ పాటే ఇప్పుడు నన్ను కుదిపేస్తోంది. మూడు భాగాలుగా సాగుతుంది. 1957లో పత్రిక పోటీ గెలిచిన ఆ కుర్రాడు, ఆ గెలుపు వల్ల ఏమీ కాని ఆ కుర్రాడు, పదహారేళ్ల తర్వాత తన కథ తానే పాడుకుంటున్నాడు. చివరి భాగంలో 1950ల నాటి తీరులో వెనక గొంతులన్నీ కలిసి వంత పాడుతుంటాయి, తీయగా, కాస్త జాలిగా. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి కుర్రకారు ఆరాధ్యుల్లో చివరివాణ్ని నేనేనని ప్రకటించుకుంటున్నాడు. అందులో ఆశ ఉంది, పోగొట్టుకున్న ఏళ్ల లెక్కా ఉంది. రెండింటినీ ఒకే గొంతులో పెట్టగలిగాడు. ఇరవైల్లో ఉన్న నలుగురు కుర్రాళ్లు వెనక నిలబడి అంత ప్రేమగా వాయించడం కూడా నాకు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ముఖ్యంగా హ్యూ మెకెన్నా కీబోర్డు. ఈ బృందం గురించి రాసేవాళ్లు జాల్ ముఖం గురించి రాస్తారు, అలెక్స్ గురించి రాస్తారు, హ్యూ గురించి చాలా తక్కువ రాస్తారు. పాటలకు నాటకపు నడక ఇచ్చింది అతనే.

ఇంత రికార్డు ఎందుకు మరుగున పడింది? బ్రిటన్‌లో వాళ్లకు మంచి రోజులు రాకపోలేదు. 1975లో ‘టుమారో బిలాంగ్స్ టు మి’ ఆల్బమ్ అమ్మకాల జాబితాలో మొదటి పదిలోకి వెళ్లింది. టామ్ జోన్స్ పాడిన ‘డిలైలా’ను వేదిక మీద పాడి విడుదల చేస్తే అది ఏడో స్థానం దాకా ఎక్కింది. నా ఉద్దేశంలో ఆ విజయమే వాళ్లకు కొంత చేటు చేసింది. మధ్యలో జాల్, క్రిస్ కలిసి వేసే చిందులు జనానికి గుర్తుండిపోయాయి, ‘నెక్స్ట్’ లాంటి పాటల లోతు వెనక్కి పోయింది. అమెరికాలో వాళ్లను పెద్దగా పట్టించుకోలేదు. 1976లో మేనేజర్ బిల్ ఫెహిలీ విమాన ప్రమాదంలో చనిపోవడం అలెక్స్‌కు పెద్ద దెబ్బ. అంతలో పంక్ అనే మొరటు, వేగపు కొత్త రాక్ వచ్చి పాతవాళ్లందరినీ తోసేసింది. వీధి భాషను, గోడరాతలను పంక్ కంటే ముందే వేదిక ఎక్కించిన మనిషిని కూడా ఆ తోపులాటలోనే పక్కకు నెట్టారు. 1977 చివర్లో అలెక్స్ బృందాన్ని వదిలేశాడు. 1982 ఫిబ్రవరి 4న, ప్రదర్శనలు ముగించుకుని ఇంటికి తిరిగి వస్తూ, బెల్జియంలోని జీబ్రుగ్గ ఓడరేవులో గుండెపోటుతో చనిపోయాడు. మర్నాడు అతని నలభై ఏడో పుట్టినరోజు.

ఆ రోజుల్లో పశ్చిమ స్కాట్లండ్‌లో గుండె జబ్బులు విపరీతం. మా వార్డుకు నలభైల్లో ఉన్న మగవాళ్లు ఛాతీ పట్టుకుని వచ్చేవారు. ఓడల కార్ఖానాల్లో పనిచేసినవాళ్లు, పొగాకు వాసన, బూడిద రంగు ముఖాలు. వాళ్లలో కొందరిని నిలబెట్టగలిగాం, కొందరిని నిలబెట్టలేకపోయాం. అలెక్స్ ఎలా పోయాడో తెలిశాక, ఆ మంచాల మీది ముఖాలకూ రికార్డులోని గొంతుకూ మధ్య దూరం లేకుండా పోయింది నాకు. ఇప్పుడు నా వయసు అతను చేరుకోలేకపోయిన వయసు. ఆ గొంతులో ఒకప్పుడు పెద్దరికం వినిపించేది, ఇప్పుడు ఇంకా ఎంతో చేయవలసిన మనిషి వినిపిస్తున్నాడు.

సంగీతకారులు అతన్ని మరచిపోలేదు. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్, ఇంగ్లండ్ రాక్ బృందం ‘ద క్యూర్’ గాయకుడు రాబర్ట్ స్మిత్ ఈ బృందం మీద తమ అభిమానాన్ని దాచుకోలేదు. ‘ద ఫెయిత్ హీలర్’ను 1999లో జర్మనీ మెటల్ బృందం హెలోవీన్, ఆస్ట్రేలియా బృందం ‘ద చర్చ్’ ఎవరికి వారే తమ తమ రికార్డుల్లో పాడారు. అంత భిన్నమైన రెండు బృందాలు ఒకే ఏడాది ఒకే పాటను ఎంచుకున్నాయంటే ఆ చప్పుడులో ఏదో ఉంది. టెడ్ మెకెన్నా 2019 జనవరిలో, హ్యూ మెకెన్నా అదే ఏడాది డిసెంబరులో వెళ్లిపోయారు. దాయాదులిద్దరూ ఒకే సంవత్సరంలో.

కొత్తగా వినబోయేవాళ్లకు ఒక మాట. ‘డిలైలా’తో మొదలుపెట్టకండి. ముందు ‘ద ఫెయిత్ హీలర్’ను ఎవరూ మాట్లాడించని వేళ, కాస్త గట్టిగా పెట్టుకుని వినండి. ఆ తర్వాత బీబీసీలో పాడిన ‘నెక్స్ట్’ను చూడండి, కళ్లు అలెక్స్ మీద కాకుండా ఒకసారి జాల్ ముఖం మీద ఉంచి చూడండి. అవి రెండూ నచ్చితే అప్పుడు ఆల్బమ్ మొత్తం వినండి, చివరి పాటకు తగినంత తీరిక ఉంచుకుని.